ఆల్జీబ్రాకు అదును ఎప్పుడు?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో సంఘం విద్యా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పటిదాకా తుడుం మోత విన్నాం. రేలా పాటలు పాడుకున్నాం. జల్, జంగల్, జమీన్ గురించి పెద్దలు మాట్లాడారు. చదువు గురించి మాట్లాడమని మాకు అప్పగించారు. చదువు అనగానే అన్నీ చెప్పాలనిపిస్తుంది, కానీ అన్నీ చెబితే ఏదీ మిగలదు. అందుకే ఈ ఏడాది ఒక్క విషయమే తీసుకున్నాం. డిగ్రీలో గణితం చదివే మన పిల్లలు ఆబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా అనే సబ్జెక్టును మొదటిసారి ఎప్పుడు చేపట్టాలి? ఎప్పుడు ఆగాలి? ఎప్పుడు ఆగకూడదు?

ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద సభా అని కొందరికి అనిపించవచ్చు. మేం డిగ్రీలో గణితం చదివి, ఇప్పుడు బళ్లలో, కాలేజీల్లో పాఠాలు చెప్పుకుంటున్న కొందరం. మన ఊళ్ల నుంచి బీఎస్సీ గణితంలో చేరిన పిల్లలు ఎక్కడ వెనుదిరుగుతున్నారో దగ్గరనుంచి చూస్తున్నాం. కలనగణితంలో కష్టపడతారు, కానీ గట్టెక్కుతారు. ఆల్జీబ్రా పేపరు దగ్గరికి వచ్చేసరికి "ఇది మన వల్ల కాదు" అంటారు. ఆ పేపరు మిగిలిపోతే డిగ్రీ చేతికి రాదు. డిగ్రీ లేకపోతే బీఎడ్ లేదు. బీఎడ్ లేకపోతే గణితం స్కూల్ అసిస్టెంట్ పోస్టు లేదు. పేపరు ఎలాగో గట్టెక్కినా సబ్జెక్టు అర్థం కాకపోతే ఎమ్మెస్సీలో మళ్లీ అదే గోడ. ఎమ్మెస్సీ లేనిదే జూనియర్ లెక్చరర్ పోస్టు లేదు.

ఒక మాట గుర్తుచేయాలి. ఏజెన్సీ బళ్లలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని చెప్పిన జీవో 3 వచ్చింది 2000 జనవరి 10న. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దాని మీద పోరాటం పెద్దలు చేస్తున్నారు, చేయాలి కూడా. అయితే ఆ పోరాటం తేలేదాకా మన బళ్లో లెక్కలు చెప్పే కుర్చీని పోటీలో నెగ్గి తెచ్చుకోవాలి. గోండి, కోయ, కొలామీ మాట్లాడే పిల్లకు తన మాటలో లెక్క చెప్పగల టీచరు కావాలంటే, ఆ టీచరు ముందు ఈ గోడ దాటి రావాలి. ఈ చిన్న విషయం మీద ఇంతసేపు మాట్లాడటానికి కారణం అదే.

ముందు ఆ సబ్జెక్టు ఏమిటో చెప్పుకుందాం. పేరులో ఆల్జీబ్రా ఉంది కాబట్టి బళ్లో చేసినట్టు తెలియని రాశి విలువ కనుక్కోవడమే అనుకుంటారు. కాదు. ఇక్కడ అంకెల కంటే అంకెలు పాటించే నియమాలు ముఖ్యం. ఏ నియమాలు పెట్టుకుంటే వాటి నుంచి ఏమేమి తప్పనిసరిగా వస్తాయో నిరూపించడమే ఇందులో పని.

ఆ నియమాలు మీకు కొత్త కాదు. ఎనిమిదో తరగతిలో అకరణీయ సంఖ్యల పాఠం గుర్తుందా? సంవృత ధర్మం, సహచర ధర్మం, తత్సమాంశం, విలోమం అని నాలుగు మాటలు చదివారు. పరీక్షలో రాసి మరచిపోయారు. ఒక సమితి, దాని మీద ఒక పరిక్రియ ఉండి, ఈ నాలుగూ సరిపోతే దాన్ని సమూహం అంటారు. ఇంగ్లీషులో గ్రూప్. డిగ్రీ ఆల్జీబ్రా మొదలయ్యేది ఇక్కడే.

మన సంతతోనే చూద్దాం. మీ ఊరి దగ్గర సోమవారం సంత అనుకోండి. సోమవారం నుంచి 10 రోజులకు ఏ వారం? ఎవరూ వేళ్లమీద పది లెక్కపెట్టరు. 7 తీసేస్తే 3, కాబట్టి గురువారం అంటారు. అంటే వారం లెక్కలో 10 అన్నా 3 అన్నా ఒకటే. మనకు కావలసినవి 0 నుంచి 6 దాకా ఏడే ఏడు అంకెలు. ఇందులో ఏ రెండు కూడినా మళ్లీ ఈ ఏడింటిలోనే పడుతుంది, అది సంవృత ధర్మం. 0 రోజులు జరిగితే ఉన్నచోటే ఉంటాం, అది తత్సమాంశం. 3 రోజులు జరిగాక ఇంకో 4 జరిగితే మళ్లీ సోమవారమే, కాబట్టి 3కి విలోమం 4. మూడు అంకెలు కూడేటప్పుడు ముందు ఏ రెండు కూడినా ఫలితం మారదు, అది సహచర ధర్మం. సంత లెక్క ఒక సమూహం.

ఇంకొంచెం ముందుకు వెళ్దాం. సోమవారం మొదలుపెట్టి మూడేసి రోజులు జరుగుతూ పోండి. సోమ, గురు, ఆది, బుధ, శని, మంగళ, శుక్ర, మళ్లీ సోమ. ఏడు వారాలూ తగిలాయి. ఇప్పుడు గోడ గడియారం చూడండి. 12 దగ్గర మొదలుపెట్టి నాలుగేసి గంటలు జరిగితే 12, 4, 8, మళ్లీ 12. మూడే తగిలాయి. ఐదేసి జరిగితే పన్నెండూ తగులుతాయి. ఎందుకు ఇలా? 7 ప్రధాన సంఖ్య కాబట్టి అక్కడ ఏ అడుగు వేసినా, 0 తప్ప, అన్నీ తగులుతాయి. 12తో 4కు ఉమ్మడి భాజకం ఉంది, 5కు లేదు. ఇలాంటి ప్రశ్నలకు లెక్కపెట్టకుండానే జవాబు చెప్పే సిద్ధాంతాలు ఆల్జీబ్రాలో ఉంటాయి. పుస్తకంలో లగ్రాంజ్ సిద్ధాంతం అని కనబడితే భయపడకండి. గడియారంలో తగిలిన గంటల సంఖ్య 3 అయినా 12 అయినా అది 12ను నిశ్శేషంగా భాగిస్తుంది కదా. ఆ సిద్ధాంతం చెప్పేది ఆ మాటే, అన్ని పరిమిత సమూహాలకూ కలిపి.

మన పిల్లలు మిగతావాళ్ల కంటే తేలికగా పట్టుకోగలిగిన పాఠం ఇంకొకటి ఉంది. దాని పేరు తుల్య సంబంధం. గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగాలు ఉన్నాయి. కోయల్లో గట్టులు ఉన్నాయి. ఒకే సగా వాళ్లు, ఒకే గట్టు వాళ్లు అన్నదమ్ముల వరస. పెళ్లి సంబంధం కలుపుకోరు. ఇప్పుడు "ఒకే గట్టు" అనే సంబంధాన్ని చూడండి. ఎవరికి వాళ్లు తమ గట్టే. నేను నీ గట్టయితే నువ్వూ నా గట్టే. నువ్వూ నేనూ ఒక గట్టు, నువ్వూ అతనూ ఒక గట్టు అయితే నేనూ అతనూ ఒక గట్టే. ఈ మూడు లక్షణాలూ ఉన్నదే తుల్య సంబంధం. ఇలాంటి సంబంధం ఉంటే సమితి మొత్తం ముక్కలుగా విడిపోతుంది. ప్రతి ఒక్కరూ ఏదో ఒక ముక్కలో ఉంటారు, ఎవరూ రెండు ముక్కల్లో ఉండరు.

మరి వియ్యం కూడా తుల్య సంబంధమేనా? కాదు. మా గట్టుకు మీతో వియ్యం కుదురుతుంది, మీకు ఇంకొకరితో కుదురుతుంది. ఆ ఇంకొకరు మళ్లీ మా గట్టువాళ్లే కావచ్చు. అప్పుడు వాళ్లతో మాకు వియ్యం కుదరదు. మూడో లక్షణం తప్పింది. ఈ తేడా మన ఇళ్లల్లో పదేళ్ల పిల్లకు కూడా తెలుసు. క్లాసులో కోసెట్, అంటే సహసమితి అనే పాఠం వచ్చినప్పుడు చాలామంది తడబడతారు. సమూహాన్ని గట్టులుగా విడదీయడం లాంటిదే అది అనుకుంటే సగం పని అయిపోయినట్టే.

అలాగని మన తాతలకు సమూహ సిద్ధాంతం తెలుసని మేం చెప్పడం లేదు. వాళ్లకు వరసలు తెలుసు, వాటిని తప్పులేకుండా నడిపారు. ఆ నడకలో ఉన్న నియమాన్ని విడిగా తీసి, పేరు పెట్టి, నిరూపించడం గణితం పని. ఆ పని నిజంగా జరిగింది కూడా. 1949లో క్లోడ్ లెవీ స్ట్రాస్ అనే ఫ్రెంచి పండితుడు బంధుత్వ వ్యవస్థల మీద పెద్ద పుస్తకం తెచ్చారు. అందులో ఆంద్రే వెయిల్ అనే గణితవేత్త ఒక అనుబంధం రాశారు. ఆస్ట్రేలియా ఆదివాసుల వివాహ నియమాలను ఆయన సమూహాల సాయంతో విశ్లేషించారు. ఆదివాసీ బంధుత్వం ఆల్జీబ్రాకు అంత దూరం కాదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఈ సబ్జెక్టు ఎంత కాలానికి తయారైందో కూడా తెలుసుకోవాలి. నార్వే దేశపు ఆబెల్ 1829లో 26 ఏళ్లకే కన్నుమూశారు. ఫ్రాన్స్‌కు చెందిన గాల్వా 1832లో 20 ఏళ్లకే పోయారు. ఐదో ఘాతపు సమీకరణాలకు సాధారణ సూత్రం ఎందుకు లేదన్న ప్రశ్న దగ్గర వాళ్లు వేసిన బాట ఇది. దీన్ని ఇప్పటి రూపానికి తెచ్చినవారిలో ముఖ్యురాలు జర్మనీకి చెందిన ఎమ్మీ నోథర్. ఆడమనిషని గాటింగెన్ విశ్వవిద్యాలయంలో ఆమెకు మొదట తన పేరుతో పాఠం చెప్పే హక్కు ఇవ్వలేదు. హిల్బర్ట్ పేరు మీద ప్రకటించిన తరగతుల్లో ఆమె పాఠం చెప్పేవారు, జీతం లేకుండా. 1921లో వలయాల మీద ఆమె రాసిన వ్యాసం ఈ సబ్జెక్టుకు పునాదుల్లో ఒకటి. ఆమె, ఎమిల్ ఆర్టిన్ చెప్పిన పాఠాల ఆధారంగా వాన్ డెర్ వార్డెన్ 1930, 31లలో పాఠ్యపుస్తకం తెచ్చారు. గాల్వా నుంచి ఆ పుస్తకం దాకా వందేళ్లు పట్టింది. వందేళ్లు పట్టిన సంగతి మనకు మొదటి నెలలోనే తలకెక్కకపోతే అందులో తలవంపు ఏమీ లేదు.

ఇక అసలు సంగతికి వద్దాం. ఎప్పుడు?

మన ఊళ్లల్లో భూమి పండుగ కానిదే విత్తనం పడదు. పండుగయ్యాక కూడా వాన చూస్తాం, పదును చూస్తాం. పొడి దుక్కిలో వేస్తే మొలక ఎండుతుంది. అదును దాటాక వేస్తే కంకి పట్టదు. ఈ సబ్జెక్టుకూ రెండు వైపులా ప్రమాదం ఉంది.

బీఎస్సీ చదివేవాళ్లలో చాలామందికి సెమిస్టరును ఎంచుకునే వీలు ఉండదు. విశ్వవిద్యాలయమే నిర్ణయిస్తుంది. ఉస్మానియా 2019 సీబీసీఎస్ సిలబస్ ప్రకారం మొదటి సెమిస్టరులో కలనగణితం, రెండోదానిలో అవకలన సమీకరణాలు, మూడోదానిలో రియల్ అనాలిసిస్, నాలుగోదానిలో ఆల్జీబ్రా, ఐదోదానిలో లీనియర్ ఆల్జీబ్రా. ఆంధ్రప్రదేశ్‌లో 2020 తర్వాతి సీబీసీఎస్ సిలబస్‌లో మూడో సెమిస్టరులోనే ఆల్జీబ్రా ఉండేది, మేజర్ పద్ధతి వచ్చాక అమరిక మారింది. కాబట్టి ముందు మీ కాలేజీలో ఇప్పటి సిలబస్ కాగితం తీసి చూడండి. పరీక్ష తేదీ మీ చేతిలో లేదు. కానీ ఆ పేపరుకు సిద్ధం కావడం ఎప్పుడు మొదలుపెట్టాలన్నది పూర్తిగా మీ చేతిలోనే ఉంది. నాలుగో సెమిస్టరులో పేపరు ఉంటే మూడో సెమిస్టరు మొదట్లోనే మొదలుపెట్టండి. రియల్ అనాలిసిస్‌ను ఊరికే బట్టీ పట్టకండి. నిరూపణ రాయడం నేర్చుకునేది అక్కడే, ఆల్జీబ్రాకు పెట్టుబడి అదే.

రెండో రకం, ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీలోనో, ఐఐటీలోనో, ఐసర్‌లోనో ఉన్న పిల్లలు. వాళ్లలో కొందరికి ఈ ఏడాదా వచ్చే ఏడాదా అని ఎంచుకునే వీలు ఉంటుంది. మూడో రకం, బీటెక్, ఎంసీఏ పిల్లలు. వాళ్లకు ఇది తప్పనిసరి కాదు, ఎలెక్టివ్. వాళ్లకు ఒక మాట. కిరాణా కొట్లో మీరు స్కాన్ చేసే క్యూఆర్ కోడ్ మీద మరక పడినా ఫోన్ చదవగలుగుతుంది. 1960లో వచ్చిన రీడ్ సాలమన్ కోడ్ చలవ అది. అది నడిచేది పరిమిత క్షేత్రాల మీద. 1977 నాటి ఆర్‌ఎస్ఏ, 2001లో ప్రమాణంగా వచ్చిన ఏఈఎస్ అనే రహస్య లిపులు నడిచేదీ ఈ లెక్కల మీదే. ఆ రంగంలోకి వెళ్లాలనుకుంటే క్రిప్టోగ్రఫీ కంటే ముందు సెమిస్టరులో ఆల్జీబ్రా తీసుకోండి. రెండూ ఒకేసారి పెట్టుకోకండి.

సిద్ధంగా ఉన్నామో లేదో ఎలా తెలుస్తుంది? కలనగణితంలో ఎన్ని మార్కులు వచ్చాయని చూడకండి. ఈ సబ్జెక్టుకు అవకలనం, సమాకలనం దాదాపు అక్కరలేదు. మేం పిల్లలకు ఐదు ప్రశ్నలు ఇస్తాం. కాగితం, కలం తీసుకుని, పుస్తకం మూసి చేయండి.

ఒకటి. ఒక పూర్ణాంకపు వర్గం సరిసంఖ్య అయితే ఆ పూర్ణాంకం కూడా సరిసంఖ్యేనని నిరూపించండి. ఉదాహరణలు చూపడం కాదు, నిరూపించాలి.

రెండు. రెండు అన్వేక ప్రమేయాలను సంయోగం చేస్తే వచ్చేది కూడా అన్వేకమేనని మీ సొంత మాటల్లో చెప్పండి.

మూడు. గుణకారంలో వరస మారిస్తే ఫలితం మారిపోయే రెండు మాత్రికలు చూపండి. 2 వరసలు, 2 నిలువులు ఉన్నవి చాలు.

నాలుగు. 252, 198ల గరిష్ఠ సామాన్య భాజకం కనుక్కోండి. దాన్ని ఆ రెండు సంఖ్యల గుణిజాల భేదంగా రాయండి. పదో తరగతిలో చదివిన యూక్లిడ్ భాగహార న్యాయం చాలు. జవాబు 18. 252ను 4తో, 198ను 5తో గుణిస్తే 1008, 990. భేదం 18.

ఐదు. "ఈ ఊళ్లో ప్రతి ఇంట్లో చదువుకున్నవాళ్లు ఉన్నారు." ఈ మాట అబద్ధమైతే ఏది నిజం? చాలామంది "ఏ ఇంట్లోనూ చదువుకున్నవాళ్లు లేరు" అంటారు. అది తప్పు. చదువుకున్నవాళ్లు లేని ఇల్లు కనీసం ఒకటైనా ఉంది అన్నదే సరైన జవాబు.

నాలుగైదు వచ్చాయంటే ఆగవద్దు, తీసుకోండి. రెండు మూడు వస్తే ఆరు వారాలు సిద్ధమై తీసుకోండి. ఒకటో, ఏదీ రాకపోవడమో అయితే, ఎంచుకునే వీలున్నవాళ్లు ఒక సెమిస్టరు ఆగండి. వీలు లేనివాళ్లు ఈ రోజే మొదలుపెట్టండి. ఇది మీ తెలివికి కొలత కాదు, మన నేల పదును చూసుకోవడం.

ఆ ఆరు వారాల పని ఇది. రోజుకు ఒక గంట చాలు. మొదటి వారం వాక్యాలు. "అయితే", "ప్రతి", "ఏదో ఒక" అనే మాటలు ఉన్న వాక్యాలను కాదనడం నేర్చుకోండి. రెండో వారం సమితులు, ప్రమేయాలు. ఇంటర్ మొదటి ఏడాది పుస్తకం తీస్తే చాలు. మూడో వారం భాజనీయత, యూక్లిడ్ పద్ధతి, గణితానుగమనం. నాలుగో వారం సంత లెక్క, గడియారం లెక్క. 5కు, 6కు, 7కు కూడిక పట్టికలు, గుణకార పట్టికలు చేత్తో వేయండి. ఐదో వారం ప్రస్తారాలు. అట్టముక్కతో సమబాహు త్రిభుజం కత్తిరించి, మూలలకు 1, 2, 3 అని రాసి తిప్పండి, బోర్లించండి. దాన్ని తిరిగి అదే చోట కుదిరేలా పెట్టే మార్గాలు 6. ఆరింటికీ పట్టిక వేయండి. తిప్పి బోర్లించడం వేరు, బోర్లించి తిప్పడం వేరు అని మీ చేతికే తెలుస్తుంది. ఆరో వారం మాత్రికలు, ఇంటర్‌లో చదివిన ఒకటి యొక్క మూలాలు. ఇవి అయ్యాక తరగతిలో టీచరు సమూహం నిర్వచనం రాస్తే, మీ దగ్గర అప్పటికే అరడజను ఉదాహరణలు ఉంటాయి. ఉదాహరణ చేతిలో లేకుండా నిర్వచనం వినడం వల్లే చాలామందికి ఈ సబ్జెక్టు గాలిలో మాటలా తోస్తుంది.

లీనియర్ ఆల్జీబ్రా ముందా, ఇది ముందా అని కూడా అడుగుతుంటారు. పెద్ద పుస్తకాల్లోనే రెండు దారులు ఉన్నాయి. 1964లో వచ్చిన హెర్‌స్టైన్ పుస్తకం సమూహాలతో మొదలై తర్వాత సదిశాంతరాళాలకు వెళుతుంది. 1991లో వచ్చిన మైకేల్ ఆర్టిన్ పుస్తకం మాత్రికలతోనే మొదలవుతుంది. మా మాట ఇది. ఎంచుకునే వీలుంటే లీనియర్ ఆల్జీబ్రా ముందు, లేదా రెండూ కలిపి. మాత్రికలు చేతికి అలవాటైతే ఉదాహరణలకు కరువు ఉండదు. వీలు లేకపోతే దిగులు వద్దు. ఇంటర్‌లో చదివిన మాత్రికలను గట్టిచేసుకోండి, చాలు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. నిరూపణలతో నిండిన కొత్త సబ్జెక్టులు రెండు ఒకే సెమిస్టరులో మొదటిసారి పెట్టుకోవద్దు. ఒకటి నిరూపణల సబ్జెక్టు అయితే ఇంకొకటి లెక్కలు చేసే సబ్జెక్టు పెట్టుకోండి.

ఎప్పుడు ఆగాలి? రెండు పాత పేపర్లు మిగిలి ఉంటే, వాటిని గట్టెక్కించాక. ఇంట్లో మనిషి మంచం పడితే, పత్తి ఏరడానికి చేతులు తక్కువై రోజూ చేలో ఉండాల్సి వస్తే, ఎంచుకునే వీలున్నవాళ్లు ఒక సెమిస్టరు వెనక్కి జరుపుకోండి. ఈ సబ్జెక్టు చివరి వారంలో కూర్చుని చదివితే వచ్చేది కాదు. రోజూ కొంచెం కొంచెం చేయాలి. అలా చేయలేని సెమిస్టరు దీనికి అదును కాదు.

ఎప్పుడు ఆగకూడదు? "భయం పోయాక చదువుతాం" అనే కారణంతో మాత్రం ఆగకండి. చదవకుండా ఆ భయం పోదు. ఇంకో కారణం లెక్క ప్రకారం చెప్పాలి. ఎమ్మెస్సీకి ఐఐటీల్లో చేరడానికి రాసే జామ్ పరీక్ష ఫిబ్రవరిలో జరుగుతుంది. డిగ్రీ చివరి ఏడాదిలో రాస్తారు. అందులో సమూహాలు, ఉపసమూహాలు, లగ్రాంజ్ సిద్ధాంతం, వ్యుత్పన్న సమూహాలు అన్నీ ఉంటాయి. మూడో ఏడాదికి వాయిదా వేస్తే పాఠం వినడానికి, పరీక్ష రాయడానికి మధ్య నానే సమయం ఉండదు. ఈ సబ్జెక్టుకు నానే సమయం కావాలి. మొదటిసారి విన్నప్పుడు సగమే తెలుస్తుంది. నాలుగు నెలల తర్వాత మళ్లీ తీస్తే తక్కిన సగం తెలుస్తుంది.

తీసుకున్నాక ఎక్కడ కాలు జారుతుందో కూడా ముందే చెబుతున్నాం. మొదటి నెల బాగానే ఉంటుంది. సహసమితులు, అభిలంబ ఉపసమూహాలు, వ్యుత్పన్న సమూహాలు వచ్చినప్పుడు తరగతి సగం నిశ్శబ్దమవుతుంది. అక్కడ ఒక సమితి మొత్తాన్ని ఒకే మూలకంగా చూడాలి. ఊరి పంచాయితీలో ఒక గట్టు తరఫున ఒక పెద్ద లేచి మాట్లాడితే, ఆ మాట ఆ గట్టు మొత్తానిదీ అవుతుంది కదా. ఎవరు లేచినా మాట మారకూడదు. అభిలంబ ఉపసమూహం కావాలనే షరతు అందుకే. ఆ రెండు వారాలు మాత్రం ఊరికి వెళ్లకండి, తరగతి మానకండి. అర్థం కాకపోతే చెయ్యెత్తండి. పక్కవాళ్లకూ అర్థమై ఉండదు.

భాష సంగతి. తెలుగు మీడియంలో చదివి డిగ్రీలో ఇంగ్లీషులోకి వచ్చినవాళ్లు మనలో ఎక్కువ. కొందరికి తెలుగు కూడా ఇంటి భాష కాదు. ఒక చిత్రం ఏమిటంటే, ఈ సబ్జెక్టులో ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకూ ఆ మాటలు కొత్తే. రింగ్ అంటే ఉంగరం కాదు, వలయం. ఫీల్డ్ అంటే చేను కాదు, క్షేత్రం. నార్మల్ అంటే మామూలు అని కాదు. ఐడియల్ అంటే ఆదర్శపురుషుడు కాదు. అందరూ ఒకటో మెట్టు మీదే ఉన్నారు. తెలుగు అకాడమీ పుస్తకం ఒకటి పక్కన పెట్టుకోండి. నోటుపుస్తకంలో మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో ఇంగ్లీషు మాట, రెండో గడిలో తెలుగు మాట, మూడో గడిలో మీ సొంత ఉదాహరణ. ఆ ఉదాహరణను రాత్రి హాస్టల్లో మీ భాషలో ఒకరికొకరు చెప్పుకోండి. గోండిలో చెప్పగలిగితే అర్థమైనట్టే. చెప్పలేకపోతే ఇంగ్లీషులో కంఠస్థం చేశారన్నమాట. పరీక్షలో ఇంగ్లీషులో రాయాలి కాబట్టి వారానికి రెండు నిరూపణలు ఇంగ్లీషులో పూర్తి వాక్యాలతో రాసి టీచరుకు చూపండి.

సాయం ఎక్కడ దొరుకుతుందంటే, ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఆచార్యుల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. సిగ్నల్ దొరికిన రోజున దింపుకుని దాచుకోండి. ఎంటీటీఎస్ అనే వేసవి శిక్షణ 1993 నుంచి నడుస్తోంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆచార్య కుమరేశన్ దాన్ని మొదలుపెట్టినవారు. అక్కడ నిరూపణలు చెప్పడమే కాదు, మీ చేత చెప్పిస్తారు. దానికి దరఖాస్తు చేయండి, మీ లెక్చరర్‌ను అడిగి వివరాలు తెలుసుకోండి. పీహెచ్‌డీ దాకా వెళ్లే పిల్లలకు కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ జాతీయ ఫెలోషిప్ ఉంది. దారి ఎంత దూరం ఉందో తెలియడం కోసం ఇది ఇప్పుడే చెబుతున్నాం.

అమ్మలకు, నాన్నలకు ఒక విన్నపం. పిల్ల కూర్చుని కాగితం మీద ఒకే త్రిభుజాన్ని పదిసార్లు తిప్పుతుంటే "ఇదేం చదువు" అనకండి. విత్తనం వేసిన మర్నాడు మట్టి తవ్వి మొలక చూడం కదా. ఒక్క సెమిస్టరు ఓపిక పట్టండి. ఆ నెలల్లో పనికి రమ్మని కబురు పెట్టకుండా ఉండగలిగితే అదే పెద్ద సాయం.

చివరగా తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మూడు పనులు అప్పగిస్తున్నాం. మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లు ఈ వారంలోనే సిలబస్ కాగితం తెచ్చుకుని ఆల్జీబ్రా ఏ సెమిస్టరులో ఉందో గుండ్రం చుట్టండి. రెండో ఏడాదిలో ఉన్నవాళ్లు ఆ ఐదు ప్రశ్నలూ చేసి మా బృందానికి చూపండి. పేపరు గట్టెక్కినవాళ్లు ఒక్కొక్కరు ఒక జూనియర్‌ను పట్టుకుని వారానికి ఒక గంట కూర్చోండి. చెప్పేవాళ్లకే ఎక్కువ వస్తుంది. రాబోయే ఎండాకాలం సెలవుల్లో ఆరు వారాల తరగతి ఇక్కడే, సంఘం భవనంలో పెడతాం. అట్టముక్కలు మేం తెస్తాం, కత్తెరలు మీరు తెండి.

 జై ఆదివాసీ! సేవా జోహార్!